పసుపు కాగితం చెప్పిన సంగతి

కిందటి నెల ఈ శీర్షికలో చౌడు నేలల గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఎండాకాలంలో పొలం మీద తెల్లగా పూసేదంతా ఒకే చౌడు కాదని, సోడా పట్టిన కారుచౌడుకు చేసే వైద్యం ఉప్పు పట్టిన పాలచౌడుకు పనికిరాదని. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు ఏ సంచికకూ రాలేదు. ఒక ఉత్తరంతో పాటు చిన్న పొట్లం కూడా వచ్చింది. ముప్పై ఏళ్లు భూసార పరీక్షా కేంద్రంలో సీసాలు కడిగి, మట్టి జల్లించి, అంకెలు రాసిన మనిషిని; పొట్లం విప్పకుండా ఉండలేను. అందుకే ఈసారి తెగుళ్ల ప్రశ్నలు, ఎరువుల ప్రశ్నలు పక్కన పెట్టి మట్టికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. నెవాడా రాష్ట్రంలో బ్లాక్ రాక్ ఎడారికి స్నేహితులతో వెళ్లి నాలుగు రోజులు గుడారంలో ఉన్నాడు. అక్కడి తెల్లటి దుమ్ముకు పాదాలు పగిలి మండాయట. వెనిగర్ కలిపిన నీళ్లతో కడుక్కోమని అక్కడివాళ్లు చెప్పారట. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు బూట్లు దులిపితే ఈ పొడి రాలింది. ఇది సున్నమా, ఉప్పా, మట్టా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, పొట్లం భద్రంగా అందింది. ముందుగా ఒక మాట. విదేశీ మట్టిని మన దేశంలోకి తేవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కంటికి కనిపించని తెగుళ్ల బీజాలు మట్టిలో ప్రయాణం చేస్తాయి. మీ అబ్బాయి కావాలని తేలేదని తెలుసు. అయినా ఈసారి బూట్లు అక్కడే కడిగి రమ్మనండి. పరీక్షలు అయ్యాక మిగిలిన పొడిని పాత పెనం మీద అరగంట మాడ్చి పారేశాను.

ఇక ఆ పొడి సంగతి. చూడటానికి బియ్యప్పిండిలో చిటికెడు బూడిద కలిపినట్టుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే గరగర లేదు, ముఖానికి రాసుకునే పౌడరులా జారిపోయింది. అంటే ఇసుక లేదన్నమాట. అంతా సన్నటి ఒండ్రు, దానికంటే సన్నటి బంక. గోదావరి వరద తీశాక లంకల్లో అరటి ఆకుల మీద మిగిలే పొర ఎండితే వేలికి సరిగ్గా ఇలాగే తగులుతుంది.

వంటింట్లో మూడు పరీక్షలు చేశాను. మొదటిది పసుపు కాగితం. చిటికెడు పసుపును స్పిరిట్‌లో కలిపి, తెల్లటి వడపోత కాగితం మీద పూసి నీడలో ఆరబెట్టాలి. ఒక వంతు మట్టికి రెండు వంతుల వాన నీరు కలిపి, కదపకుండా ఉంచి, పైన తేరిన నీటి బొట్టును ఆ కాగితం మీద వేయాలి. మీ పొడి తాలూకు బొట్టు పడగానే మధ్యలో ఇటుక రంగు మొదలై అంచుల దాకా పాకింది. పక్కనే మా పెరటి మట్టి బొట్టు వేశాను. అది పసుపుగానే ఉండిపోయింది. పెళ్లికూతురు పాదాలకు పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం పడగానే ఎర్రబడుతుంది కదా, ఇదీ అదే. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది. పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత (ఏడు దాటితే క్షారం), ఎనిమిదిన్నర దాటితే గానీ ఆ ఎరుపు స్పష్టంగా కనిపించదు.

రెండోది మీ అబ్బాయి పాదాలకు వాడిన వెనిగరే. చెంచాడు పొడి మీద నాలుగు చుక్కలు వేస్తే బుసబుసమని పొంగింది. కార్బొనేట్లు ఉన్నాయని అర్థం. మూడో పరీక్షకు ఓపిక కావాలి. పొడిని తడిపి గోలీ అంత ముద్ద చేసి ఎండబెట్టాను. దాన్ని గాజు గ్లాసులో వాన నీటి అడుగున మెల్లగా వదిలి, గ్లాసును కదిలించలేదు. పది నిమిషాలకు ముద్ద చుట్టూ పాలు విరజిమ్మినట్టు తెల్లటి మబ్బు లేచింది. మర్నాడు పొద్దున చూసినా నీరు తేరుకోలేదు, కుడితిలా ఉంది. బంక కణాలను సోడియం అంటిపెట్టుకుని ఉంటే అవి ఒకదాన్నొకటి పట్టుకోలేక విడివిడిగా నీటిలో తేలిపోతాయి. క్యాల్షియం పట్టుకున్న మట్టి ఇలా చేయదు, ముద్దగా కూర్చుని ఉంటుంది.

కాబట్టి అమ్మా, అది మట్టే. సున్నపు పొడిని, సోడాను, ఉప్పును తనలో కలుపుకున్న పాత సరస్సు అడుగు మట్టి. గత హిమయుగం చివర, సుమారు 15,000 ఏళ్ల కిందట, ఇప్పటి నెవాడాలో లాహోంటన్ అనే మహా సరస్సు ఉండేది. నిండుగా ఉన్న రోజుల్లో దాని విస్తీర్ణం సుమారు 22,000 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. అలాంటి కొల్లేళ్లు డెబ్బై పక్కపక్కన పెట్టినట్టు. మీ అబ్బాయి గుడారం వేసిన చోట అప్పట్లో నీటి లోతు సుమారు 150 మీటర్లు.

ఆ ప్రాంతంలో నదులు సముద్రానికి చేరవు. గోదావరి ఒడ్డున పుట్టిన మనకు ఇది వింతగానే ఉంటుంది. హంబోల్ట్ నది ఎడారిలోని ఒక పల్లంలోకి వెళ్లి ఇంకిపోతుంది. ట్రకీ నది పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. నది తెచ్చిన నీరు ఆవిరై పోతుంది, నీటితో వచ్చిన లవణం మాత్రం అక్కడే ఉండిపోతుంది. పులుసు మరిగి చిక్కబడ్డట్టు సరస్సు చిక్కబడుతుంది. చిక్కబడుతున్నప్పుడు అన్నీ ఒకేసారి పేరుకోవు, ఒక వరస ఉంది. ముందు క్యాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. తరవాత జిప్సం, అంటే క్యాల్షియం సల్ఫేట్. అన్నిటికంటే చివర మనం తినే ఉప్పు. అందుకే చాలా ఎండు సరస్సుల్లో ఒడ్డున సుద్ద, నడిమధ్య ఉప్పు, ఆ రెంటికీ మధ్య జిప్సం కనిపిస్తాయి.

మరి సోడా ఎక్కడిది? వాన నీరు కొండరాళ్లను కరిగించినప్పుడు క్యాల్షియం వస్తుంది, బైకార్బొనేట్ వస్తుంది, సోడియం వస్తుంది. నీరు ఇగిరే కొద్దీ క్యాల్షియం, బైకార్బొనేట్ జతకట్టి సుద్దగా అడుగున దిగిపోతాయి. ఆ రెండింటి లెక్క చెల్లాక ఎవరు మిగిలారన్నదే సరస్సు జాతకం. క్యాల్షియం మిగిలితే ఆ సరస్సు ఎంత ఉప్పగా మారినా క్షారం కాదు. బైకార్బొనేట్ మిగిలితే అది సోడియంతో చేరి బట్టల సోడా అవుతుంది. ఒట్టి సుద్ద ఉన్న మట్టి పీహెచ్ ఎనిమిదింపావు, ఎనిమిదిన్నర దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటించేది సోడానే. పసుపు కాగితం మీద ఎరుపు చూడగానే నాకు సోడా గుర్తొచ్చింది అందుకే.

మీ అబ్బాయి పాదాల్లో చర్మానికి ఉండే సహజమైన నూనెను ఆ క్షారం లాగేసింది. నూనె పోయిన చర్మం ఎండి పగులుతుంది. వెనిగర్ ఆమ్లం కాబట్టి క్షారాన్ని చల్లారుస్తుంది. కడిగాక కొబ్బరినూనె రాసుకోమనండి. దమ్ములో తిరిగి వేళ్ల సందులు పాసిపోయే మన రైతుల బాధ వేరు. అది నానడం వల్ల వచ్చేది, దానికి ఈ వైద్యం చేయకండి.

ప్రశ్న: ఎడారి అంటే ఇసుక దిబ్బలే అని మా పుస్తకంలో బొమ్మ ఉంది. ఎడారిలో బంకమట్టి ఎలా ఉంటుంది?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, అమలాపురం

జవాబు: నాన్నా, మంచి ప్రశ్న. ఎడారి అనే మాట వాన తక్కువని చెబుతుంది గానీ ఇసుక ఉందని చెప్పదు. కొండల మధ్య పల్లంలోకి అప్పుడప్పుడు వచ్చే వాన నీరు గులకరాళ్లను కొండ మొదట్లోనే వదిలేస్తుంది, ఇసుకను కొంచెం ముందుకు తెస్తుంది, బంకను పల్లం మధ్యదాకా మోస్తుంది. అక్కడ నీరు పలచగా నిలిచి, బంక అడుగున దిగి, ఎండిపోతుంది. ఏటా ఇదే. మీ నాన్నగారు దమ్ము చేసి చదును చేసిన మడిలో నీరు తీస్తే ఎంత సమంగా ఉంటుందో చూడు. బ్లాక్ రాక్ ఎడారిలో ఆ పని శీతాకాలపు నీరే వందల చదరపు కిలోమీటర్ల మేర చేస్తుంది. 1997 అక్టోబరులో థ్రస్ట్ ఎస్ఎస్‌సీ అనే కారు నేల మీద మొదటిసారి ధ్వని వేగాన్ని దాటింది ఆ చదును మీదే. గంటకు సుమారు 1,228 కిలోమీటర్లు!

మన దేశంలో చూడాలనుకుంటే రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు ఉంది. మహారాష్ట్రలోని లోణార్ ఉంది. లోణార్ ఎడారిలో లేదు. ఉల్క పడి ఏర్పడిన గుంట అది. అయినా నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి అది కూడా క్షార సరస్సే అయింది.

ప్రశ్న: మేడం, నేను వ్యవసాయ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎండు సరస్సుల నేలలను వర్గీకరణలో ఎక్కడ పెట్టాలో అర్థం కావడం లేదు. ఒక పుస్తకం ఆరిడిసోల్ అంటుంది, ఇంకొకటి సొలోంచాక్ అంటుంది, మన పాఠంలో పాలచౌడు, కారుచౌడు అంటారు. మూడూ ఒకటేనా? పరీక్షకు ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మాయీ, ఒకే మనిషిని ఇంటిపేరుతో ఒకరు, ఊరి పేరుతో ఒకరు, చేసే పనితో ఒకరు పిలిచినట్టు ఇది. ముందు మన పేర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే అవి చాలా తెలివైన పేర్లు.

పాలచౌడు అంటే పాలలా తెల్లగా పూసేది. అందులో కరిగే లవణాలు ఎక్కువ. కారుచౌడులో కారు అంటే నలుపు. కారుమబ్బు, కారుచీకటి అంటాం కదా. ఆ నేలలో సోడా మట్టిలోని కుళ్లిన ఆకుల సారాన్ని కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆరాక అది నల్లటి జిడ్డు పొరలా మిగులుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర కాలిఫోర్నియాలో యూజీన్ హిల్‌గార్డ్ అనే మట్టి శాస్త్రవేత్త అక్కడి ఎండు నేలలను తెల్ల క్షారం, నల్ల క్షారం అని రెండుగా విడదీశారు. నల్లదానికి జిప్సం వేయమన్నారు. రెండు దేశాల్లో కంటితో చూసినవాళ్లు ఒకే రెండు రంగులు చూశారని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ రంగులకు అంకెలు ఇచ్చింది కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఉన్న అమెరికా లవణీయతా ప్రయోగశాల. వాళ్లు 1954లో వేసిన అరవయ్యో నంబరు చేతిపుస్తకం లెక్కలే ఇప్పటికీ పాఠాల్లో ఉన్నాయి. మట్టి ముద్ద నుంచి తీసిన ద్రవం విద్యుత్ వాహకత (ఉప్పు ఎక్కువైన కొద్దీ పెరిగే కొలత) మీటరుకు 4 డెసీసీమెన్‌లు దాటి, మార్పిడి సోడియం (బంకను అంటిపెట్టుకున్న సోడియం వాటా) 15 శాతం లోపు ఉంటే పాలచౌడు. వాహకత 4 లోపు ఉండి సోడియం 15 శాతం దాటితే కారుచౌడు. దాని పీహెచ్ సాధారణంగా ఎనిమిదిన్నర పైనే. రెండూ దాటితే రెండూ కలిసిన చౌడు. ఎండు సరస్సుల్లో ఎక్కువగా తగిలేది ఈ మూడోదే. మన దేశంలో కొందరు శాస్త్రవేత్తలు పీహెచ్ హద్దును 8.2కే పెడతారు. పరీక్షలో ఏ హద్దు వాడుతున్నావో రాసెయ్యి.

ఇవి వైద్యం కోసం పెట్టిన పేర్లు. పొలానికి ఏం చేయాలో చెబుతాయి, ఆ నేల ఎలా పుట్టిందో చెప్పవు. పుట్టుకను, పొరలను చూసి పెట్టిన పేర్లు అమెరికన్ వర్గీకరణవి. వాటిని బట్టీపట్టకు. తెలుగు పాఠంలో సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు విడదీయి. నాట్రార్జిడ్ తీసుకో. నాట్ర్ అంటే సోడియం, అర్జ్ అంటే బంక, చివరి ఇడ్ ఆరిడిసోల్, అంటే ఎండు ప్రాంతపు నేలల గుంపు, తోక. సోడియం పట్టిన బంక పొర ఉన్న ఎండు నేల అని విగ్రహం. ఆ పొరను నాట్రిక్ పొర అంటారు. అది నిలువు పట్టకాలుగానో స్తంభాలుగానో చీలుతుంది. స్తంభాల తలలు గుండ్రంగా, వాటి మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది. గోతి అంచున బెల్లం అచ్చులు వరసగా నిలబెట్టినట్టు కనిపిస్తుంది. తడిస్తే ఆ స్తంభాలు ఉబ్బి మధ్య చీలికలు మూసుకుంటాయి. నీటిచుక్క కిందికి దిగదు.

ఆక్విసాలిడ్‌ను విడదీయి. ఆక్వి నీరు, సాల్ ఉప్పు, ఇడ్ ఎండు నేల. నీరు, ఎండు నేల ఒకే పేరులో ఎలా కలిశాయి? వర్గీకరణలో నాకు చాలా ఇష్టమైన మెలిక ఇదే. ఎండు సరస్సుల్లో కొన్నిచోట్ల భూగర్భజలం మూరెడు లోతులోనే ఉంటుంది. అయినా ఉప్పు పొర ఎంత ఘాటుగా ఉంటుందంటే మొక్క వేరు ఆ నీటిని తాగలేదు. సాలిక్ పొర, అంటే ఉప్పు పొర, అనిపించుకోవాలంటే కనీసం 15 సెంటీమీటర్ల మందం, వాహకత 30 డెసీసీమెన్‌లు ఉండాలి. సముద్రపు నీరు 50కి అటూఇటూ. వరి 3 దాటితేనే దిగుబడి తగ్గించుకుంటుంది. అందుకే పైపొర ఎండుతూ ఉండి, కింద మీటరు లోపు నీరు నిలిచే ఉప్పు నేలను కూడా ఆరిడిసోల్ గుంపులోనే చేర్చారు. మొక్క దృష్టిలో అది ఎడారే అని ఒప్పుకున్నారు.

హాలక్వెప్ట్ అనే పేరు కూడా ఎండు సరస్సుల అంచుల్లో కనిపిస్తుంది. హాల్ ఉప్పు, ఆక్వ నీరు, ఎప్ట్ అంటే ఇప్పుడిప్పుడే మొదలైన నేల. ఈ పేరును దాచుకో. మన దేశపు తీరప్రాంత ఉప్పు నేలలకు కూడా ఇదే పేరు వాడతారు. ఎడారి సరస్సుకూ సముద్రపు ఒడ్డుకూ ఒకే గదిలో చోటు దొరికింది.

ప్రపంచ మట్టి వర్గీకరణ 32 గుంపులది. అందులో సొలోంచాక్ ఉప్పుది, సొలోనెట్స్ సోడియం బంక పొరది. రెండూ రష్యన్ మాటలు. మధ్య ఆసియాలో ఎండి బహుభుజాలుగా చీలిన బంక మైదానాన్ని టకీర్ అంటారు. స్పానిష్‌లో ఒడ్డు అనే అర్థమున్న ప్లాయా అమెరికాలో ఎండు సరస్సుకు పేరైంది.

ఇంకొక్క సంగతి, నీ పుస్తకంలో ఉండకపోవచ్చు. అమెరికా మట్టి పటాల్లో చాలా ఎండు సరస్సు మైదానాలకు ఏ నేల పేరూ పెట్టరు. ఉత్త ప్లాయా అని రాసి, బండలు, నదీ గర్భాల పక్కన ఇతర ప్రాంతాల జాబితాలో వేస్తారు. మొక్క మొలవని దాన్ని మట్టి అనాలా వద్దా అన్నది అక్కడ నిజమైన ప్రశ్న. నా మట్టుకు నేను మట్టే అంటాను. మూడు పరీక్షలకూ జవాబు చెప్పింది మరి.

గుర్తు కోసం ప్లాయాను రెండు రకాలుగా పెట్టుకో. నీటిమట్టం బాగా లోతున ఉంటే పైన గట్టి బంక పెచ్చు ఉంటుంది, లోపల బొరుగుల్లా సన్నటి గాలి బుడగలు. బ్లాక్ రాక్ ఇలాంటిది. నీటిమట్టం పైన ఉంటే కింది నీరు నిరంతరం పైకెక్కి ఉప్పు వదిలి ఆవిరైపోతుంది. యూటాలోని బోన్‌విల్ ఉప్పు మైదానం ఇలాంటిది. కొన్ని చోట్ల సోడియం సల్ఫేట్ చలికి నీటిని పట్టుకుని ఉబ్బి, ఎండకు వదిలేసి పొడి అవుతూ నేలనే పిండిలా పొంగిస్తుంది. అడుగు వేస్తే మడమ దిగుతుంది. మన తీరం ఊళ్లలో పాత ఇళ్ల గోడల అడుగున చెమ్మ ఎక్కి, తెల్లగా పొంగి, సున్నం పెచ్చులు రాలడం చూశావు కదా. ఆ పనే అక్కడ నేల మీద జరుగుతుంది.

ప్రశ్న: కొల్లేరు ఎండితే అది కూడా ఇలాంటి క్షారపు ఎడారి అవుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆకివీడు

జవాబు: మాస్టారూ, ఆ తీరులో కాదు. కారణం ఉప్పుటేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటికి కొల్లేరులో బయటికి దారి ఉంది. వచ్చిన లవణం వానాకాలంలో సముద్రానికి పోతుంది. పైగా మనకు ఏటా మీటరుకు అటూఇటూ వాన. బ్లాక్ రాక్ ఎడారిలో 200 మిల్లీమీటర్ల లోపే.

ఒక లెక్క చూపిస్తాను, పిల్లలకు బోర్డు మీద వేయించండి. లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణం ఉన్న నీరు మంచి నీరే, ఎవరూ వంక పెట్టరు. వరికి పంటకాలంలో మీటరు లోతు నీరు పెట్టామనుకోండి. ఎకరాకు సుమారు 4,000 ఘనపు మీటర్లు. అంటే ఒక్క పంటకు ఒక్క ఎకరంలోకి 800 కిలోల లవణం వచ్చింది. ఎనిమిది క్వింటాళ్లు! కాలువ అంత మోసుకొచ్చి పెడుతుందని మనకు తెలియకపోవడానికి కారణం మురుగు కాలువ దాన్ని చప్పుడు లేకుండా మోసుకుపోవడమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంగతి డెల్టాలో చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. ఊరి మురుగు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? లాహోంటన్ సరస్సు వేల ఏళ్లపాటు మురుగు కాలువ లేని పొలం. దాని మీద తెల్లగా కనిపిస్తున్నది ఆ వేల ఏళ్ల లెక్క.

కొల్లేరుకు ప్రమాదం లేదని మాత్రం అనను. వేసవిలో పైనుంచి నీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు నీరు ఎదురెక్కుతుంది. దానితో వచ్చేది సోడా కాదు, వంటింటి ఉప్పు. పాలచౌడు తెస్తుంది. మనిషి చేతుల్లో ఎండిన సరస్సులు కూడా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ నగరానికి 1913 నుంచి కాలువతో నీళ్లు మళ్లించాక కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సు పదిహేనేళ్లు గడవకముందే ఎండిపోయింది. అడుగున మిగిలిన క్షారపు దుమ్ము గాలికి లేచి దశాబ్దాలపాటు ఊళ్లను కప్పింది. చివరికి ఆ దుమ్మును అణచడానికి మళ్లీ నీళ్లే వదలాల్సి వచ్చింది. 1960ల నుంచి అరల్ సముద్రానిదీ అదే కథ.

ప్రశ్న: అమ్మా, మా రెండెకరాల్లో చౌడు లేచింది. తెలిసినవాళ్లు చెబితే ఎకరాకు పది బస్తాల జిప్సం వేశాను. ఏమీ మార్పు లేదు. ఇంకా వేయాలా?
– ఒక రైతు, మొగల్తూరు

జవాబు: బాబూ, ఆగండి. ఇంకొక్క బస్తా కూడా కొనవద్దు.

మా నాన్నగారికి నరసాపురం వైపు ఎకరం ముప్పావు చేను ఉండేది. పక్క చేను రొయ్యల చెరువైంది. చెరువు గట్టు పోసేటప్పుడు మా చేను మురుగు బోదె పూడిపోయింది. మొదటి ఏడు ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడు దాళ్వాలో చేను మూల తెల్లబడింది. మూడో ఏడు కంకి కంకికీ తాలు. ఆయన నాతో చెప్పకుండా జిప్సం తెచ్చి చల్లారు. కూతురు మట్టి పరీక్షల్లోనే ఉద్యోగం చేస్తోంది, అయినా అడగలేదు. సెలవుకు వెళ్లి చూసి, నాలుగు మూలలా మట్టి తీసి పరీక్షకు పెట్టాను. పీహెచ్ 7.9, వాహకత 9. ఆ కాగితం చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అది పాలచౌడు. సోడియం బంకను పట్టుకుని లేదు, ఉప్పుగా నీటిలో కరిగి ఉంది. జిప్సం చేసే పని సోడియాన్ని బంక నుంచి విడదీయడం. విడిగానే ఉన్నదాన్ని ఇంకేం విడదీస్తుంది? దానికి కావలసింది బయటికి పోయే దారి.

చెరువు యజమానితో నలుగురు పెద్దల్లో మాట్లాడి బోదె తిరిగి తవ్వించాం. సార్వాకు ముందు కాలువ నీరు నిండా పెట్టి, రెండు రోజులు నిలిపి, తీసేశాం. మళ్లీ పెట్టి తీసేశాం. అలా మూడుసార్లు. జీలుగ చల్లి పూతకు ముందు దమ్ములో కలిపాం. రెండేళ్లకు చేను మామూలైంది. జిప్సం డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

మీరు చేయవలసింది ఇది. ముందు పసుపు కాగితం, వాన నీటి గ్లాసు పరీక్షలు చేయండి. బావి నీరు వాడవద్దు, అందులోని లవణం మబ్బును లేవనివ్వదు. కాగితం పసుపుగానే ఉండి, గ్లాసులో నీరు తేటగా ఉంటే పాలచౌడు అనుకోవచ్చు. అప్పుడు బోదె చూడండి. కాగితం ఎర్రబడి, గ్లాసులో పాలమబ్బు లేస్తే కారుచౌడు. అప్పుడు కూడా ఉజ్జాయింపున వేయకండి, భూసార పరీక్షలో జిప్సం అవసరం ఎంతో తేల్చమనండి. వంద గ్రాముల మట్టిలో ఒక్క మిల్లీ ఈక్వివలెంట్ (పరీక్షా కేంద్రం కాగితంలో రాసే కొలమానం) సోడియాన్ని జానెడు కంటే తక్కువ లోతులో, అంటే 15 సెంటీమీటర్లలో, తొలగించడానికే ఎకరాకు సుమారు ఏడున్నర క్వింటాళ్ల జిప్సం కావాలి. నిజమైన కారుచౌడుకు పది బస్తాలు చాలవు, పాలచౌడుకు ఒక్కటీ అక్కర్లేదు. పైగా జిప్సం వేశాక విడిపోయిన సోడియం కూడా నీటితోనే పోవాలి. ఎలా చూసినా బోదె తప్పదు.

చెరువుల వాళ్ల దగ్గర పీహెచ్ చూసే పరికరం ఉంటుంది. అడిగి ఒకసారి మీ మట్టి నీటిలో పెట్టి చూడండి.

ప్రశ్న: మా అమ్మమ్మ చిన్నప్పుడు చౌడు మట్టితో బట్టలు ఉతికేవారట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నిజమే. చాకలివారు చౌటి నేలల మీద పొద్దున్నే పూసిన పొడిని చీపురుతో ఊడ్చి మూటకట్టుకునేవారు. ఆ పొడిని నీటిలో కలిపి, మట్టిని దిగనిచ్చి, తేటలో బట్టలు నానబెట్టి ఉడకేసేవారు. అందులోని సోడా బట్టకు పట్టిన నూనె జిడ్డును సబ్బుగా మార్చి వదిలిస్తుంది. పాలచౌడు ఈ పనికి రాదు, అది ఒట్టి ఉప్పు. ఏ చౌడు ఎక్కడ దొరుకుతుందో, ఏది మురికి వదిలిస్తుందో వాళ్లకు చేత్తో తాకితే తెలిసేది. జారుడుగా, సబ్బునీళ్లలా వేళ్లకు తగిలేదాన్నే ఊడ్చేవారు.